లినక్స్ ల్యాప్‌టాప్ లోపలి డయల్-అప్ మోడెమ్ పలకడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

1. జలరేఖ

నీటిమట్టాన్ని గంటగంటకూ నమోదు చేసే పరికరాలు కొన్ని నా బాధ్యతలో ఉన్నాయి. అవి ఉన్న చోట మొబైల్ సిగ్నల్ అందదు, టెలిఫోన్ తీగ మాత్రం ఉంది. ప్రతి పరికరానికీ సెకనుకు 2400 బిట్ల పాత మోడెమ్ ఒకటి తగిలించి ఉంటుంది. మనం ఫోన్ చేస్తే అది ఎత్తి, ఆ వారపు కొలతలను అక్షరాల రూపంలో పంపిస్తుంది. ఇన్నాళ్లూ ఈ పని చేసిన డెస్క్‌టాప్ పాడైపోవడంతో ఒక పాత ల్యాప్‌టాప్ తీసుకుని అందులో డెబియన్ 12 అనే లినక్స్ కూర్పు ఎక్కించాను, 32 బిట్లది. ల్యాప్‌టాప్ పక్కన టెలిఫోన్ తీగ గుచ్చే రంధ్రం ఉంది, లోపల మోడెమ్ ఉందని దాని అట్టపెట్టె మీద కూడా రాసి ఉంది. అయినా మోడెమ్‌తో టైపు చేసి మాట్లాడే మినికామ్ అనే ప్రోగ్రాములో టీటీవైఎస్0 నుంచి టీటీవైఎస్3 దాకా నాలుగు సీరియల్ పోర్టులూ తెరిచి, మోడెమ్‌ను పలకరించే ‘ఏటీ’ ఆదేశం కొడితే ఏ ఒక్కదాని నుంచీ ‘ఓకే’ రావడం లేదు. మోడెమ్ చెడిపోయిందా, నేనే తప్పు చోట వెతుకుతున్నానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

2. పాతసరుకు

లోపలి మోడెమ్ మీద ఆశ పెట్టుకోకండి. ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు ఉంటే పాతకాలపు బయటి మోడెమ్ ఒకటి సంపాదించి తగిలించండి, టీటీవైఎస్0లో వెంటనే పలుకుతుంది. నేను రెండు వారాలు వృథా చేసుకున్న తరువాత నేర్చుకున్న సంగతి ఇది.

3. తీగలమనిషి

మోడెమ్ చెడిపోయి ఉండకపోవచ్చు, వెతికిన చోటే వేరు. పూర్తిస్థాయి మోడెమ్‌లో మూడు భాగాలు ఉంటాయి. ఏటీ ఆదేశాలను అర్థం చేసుకునే నియంత్రిక ఒకటి, బిట్లను స్వరాలుగానూ స్వరాలను బిట్లుగానూ మార్చే సంకేత ప్రాసెసర్ రెండోది, టెలిఫోన్ తీగను తాకే విద్యుత్ భాగం మూడోది. ల్యాప్‌టాప్‌లు చవకగా, పలుచగా రావాలని తయారీదారులు మొదటి రెండింటినీ తీసేసి ఆ పనిని విండోస్‌లో నడిచే ప్రోగ్రాముకు అప్పగించారు. విన్‌మోడెమ్ అన్న పేరు అందుకే వచ్చింది. మీ ల్యాప్‌టాప్‌లో మిగిలింది దాదాపుగా ఒక సౌండ్ కార్డు, దాని చివర టెలిఫోన్ తీగ. ఏటీ అంటే ఓకే అనవలసిన నియంత్రికే అక్కడ లేదు కనుక టీటీవైఎస్ పోర్టుల్లో ఎంత పిలిచినా జవాబు రాదు.

తీసేసిన ఆ రెండు భాగాలనూ లినక్స్‌లో ప్రోగ్రాముగా తిరిగి పెట్టడం కొన్ని చిప్‌ల విషయంలో సాధ్యమే. ఏ చిప్ అన్నది తెలియకుండా డ్రైవర్ల కోసం వెతకడం మాత్రం దండగ. ముందు టెర్మినల్‌లో, ల్యాప్‌టాప్ లోపలి పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశాన్ని డబుల్ ఎన్ (-nn) ఎంపికతో నడిపి, మోడెమ్ అన్న మాట ఉన్న వరుసను ఇక్కడ అతికించండి. అలాంటి వరుస లేకపోతే మోడెమ్ హెచ్‌డీ ఆడియో అనే శబ్ద వ్యవస్థ తీగల మీద ఉండవచ్చు, అప్పుడు వెతకవలసిన చోటు వేరుగా ఉంటుంది.

4. చిన్నపెట్టె

పాతసరుకు గారి మాటలో సగం ఒప్పుకుంటాను. బయటిదే మంచిది, కానీ సీరియల్ పోర్టు అక్కర్లేదు, యూఎస్‌బీ మోడెమ్ చాలు. యూఎస్‌బీ మోడెమ్‌ల కోసం ఉన్న సీడీసీ-ఏసీఎం ప్రమాణాన్ని పాటించే మోడెమ్ అయితే కెర్నల్‌లో (లినక్స్ కేంద్ర భాగంలో) ముందే ఉన్న డ్రైవర్ దాన్ని గుర్తుపట్టి టీటీవైఏసీఎం0 అని పేరు పెడుతుంది. యూఎస్ రోబోటిక్స్ వారి 5637 ఆ రకానిదే, నా దగ్గర ఏ డ్రైవరూ ఎక్కించకుండానే పలికింది.

5. కెర్నల్‌బండి

యూఎస్‌బీ అన్న ఒక్క మాట చూసి కొనేయకూడదు. చూడడానికి ఒకేలా ఉండే యూఎస్‌బీ మోడెమ్‌లలో కొన్నింటి లోపల కూడా నియంత్రిక ఉండదు, అవీ ప్రత్యేక డ్రైవర్ మీద ఆధారపడతాయి. ల్యాప్‌టాప్ పక్కన గుచ్చే పీసీఎంసీఐఏ కార్డుల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది: 16 బిట్ల కార్డులు ఎక్కువగా పూర్తి మోడెమ్‌లు, సీరియల్_సీఎస్ డ్రైవర్‌తో మామూలు సీరియల్ పోర్టులా పనిచేస్తాయి; 32 బిట్ల కార్డ్‌బస్ మోడెమ్‌లలో విన్‌మోడెమ్‌లు చాలా ఉన్నాయి.

జలరేఖ గారి దగ్గర ఉన్నదేమిటో తెలియకముందే దాన్ని పక్కన పెట్టమనడం నాకు నచ్చలేదు. చేతిలో ఉన్న వస్తువు పనికొస్తుందో లేదో తేల్చడానికి పట్టేది పది నిమిషాలే.

6. జలరేఖ

ఎల్ఎస్‌పీసీఐలో ఇంటెల్ 82801డీబీ ఏసీ’97 మోడెమ్ కంట్రోలర్ అని ఉంది, గుర్తింపు సంఖ్య 8086:24సీ6. ఇది ఇంటెల్ మోడెమ్ అనుకోవాలా?

7. తీగలమనిషి

ఇంటెల్‌ది అందులో ద్వారం మాత్రమే. ఆ ద్వారం వెనుక అగ్గిపెట్టెంత చిన్న పలక ఒకటి ఉంటుంది, దాని మీద ఉన్న కోడెక్ చిప్ (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చేది) ఎవరిదన్నదే మన ప్రశ్న. ఒకే 24సీ6 వెనుక కోనెక్సంట్ ఉండవచ్చు, సిలికాన్ ల్యాబ్స్ ఉండవచ్చు, ఇంకొకటి ఉండవచ్చు. ఎస్ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం అనే కెర్నల్ మాడ్యూల్‌ను (కెర్నల్‌కు జతపడే డ్రైవర్ ముక్కను) మోడ్‌ప్రోబ్ ఆదేశంతో ఎక్కించండి. తరువాత ప్రాక్ కింద ఉన్న అసౌండ్ ఫోల్డర్‌లో కార్డ్1 లోపలికి వెళ్లి ఎంసీ97 అన్న పేరుతో మొదలయ్యే ఫైలును చదవండి. కోడెక్ పేరు అందులో కనిపిస్తుంది.

8. జలరేఖ

ఎక్కింది. అసౌండ్ జాబితాలో 0వ కార్డు ఆడియో, 1వ కార్డు మోడెమ్. కోడెక్ పేరు సిలికాన్ ల్యాబ్స్ ఎస్ఐ3036 అని చూపిస్తోంది.

9. కెర్నల్‌బండి

ఇది మంచి కబురు. స్మార్ట్ లింక్ సంస్థ విడుదల చేసిన ఎస్ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రాము ఆ కోడెక్‌తో పనిచేస్తుంది. మోడెమ్‌లోంచి తీసేసిన నియంత్రికా, సంకేత ప్రాసెసరూ రెండూ ఈ ప్రోగ్రామే. తీగతో మాట్లాడడానికి కెర్నల్‌లోని అల్సా అనే శబ్ద వ్యవస్థ డ్రైవర్‌ను వాడుకుంటుంది కనుక పాత రోజుల్లోలాగా స్మార్ట్ లింక్ వారి సొంత కెర్నల్ మాడ్యూల్‌ను కంపైల్ చేయవలసిన పని లేదు.

మీరు 32 బిట్ల కూర్పు ఎక్కించడం కూడా కలిసొచ్చింది. ఈ ప్రోగ్రాములో స్వరాల గణితమంతా ఉన్న ఒక ఫైలు మూలం (సోర్స్ కోడ్) లేకుండా, 32 బిట్ల ఎక్స్86 కోసం ముందే కంపైల్ చేసిన రూపంలోనే వస్తుంది. 64 బిట్ల వ్యవస్థలో అయితే 32 బిట్ల అల్సా లైబ్రరీలు విడిగా ఎక్కించి నడపవలసి వచ్చేది. ఒక హెచ్చరిక: 32 బిట్ల ల్యాప్‌టాప్‌లకు ఇన్‌స్టాలర్ ఇచ్చిన చివరి డెబియన్ 12వదే, 13లో అది లేదు. పని కుదిరిన తరువాత ఈ డిస్కుకు ఒక ప్రతి తీసి దాచుకోండి.

10. పాతసరుకు

నాది కోనెక్సంట్ హెచ్‌ఎస్‌ఎఫ్ కోడెక్. దానికి లినక్స్ డ్రైవర్ ఉండేది, కానీ డబ్బు కట్టకపోతే వేగాన్ని 14,400 బిట్ల దగ్గర ఆపేసేవారు, ఫ్యాక్స్ పనిచేసేది కాదు. డబ్బు కట్టి తీసుకున్న తరువాత కూడా కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కంపైల్ చేయవలసి వచ్చింది, ఒక కెర్నల్ నుంచి అసలు కంపైల్ కావడమే మానేసింది. 2వ టపాలో నేను అంత నిరాశగా రాయడానికి కారణం అదే. ఒకే ద్వారం వెనుక ఇన్ని రకాలు ఉంటాయని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

11. కొత్తచేరిక

నా ల్యాప్‌టాప్‌లో లూసెంట్ అని చూపిస్తోంది, గుర్తింపు సంఖ్య 11సీ1తో మొదలవుతోంది. నాకూ ఎస్ఎల్‌మోడెమ్‌డీ సరిపోతుందా?

12. తీగలమనిషి

సరిపోదు. పాత లూసెంట్ చిప్‌లకు ఎల్‌టీమోడెమ్ అనే డ్రైవర్ ఉండేది, తరువాతి కెర్నల్‌ల కోసం దాని స్థానంలో మార్షియన్ వచ్చింది. అందులో కెర్నల్ మాడ్యూల్ ఒకటి, దానికి తోడుగా బయట నడిచే ప్రోగ్రాము ఒకటి ఉంటాయి. పోర్టు పేరు టీటీవైఎస్ఎం0. లూసెంట్ తరువాత అదే 11సీ1 సంఖ్యతో వచ్చిన అగీర్ చిప్‌లు మళ్లీ వేరు. మీ పూర్తి సంఖ్యతో కొత్త చర్చ తెరిస్తే అక్కడ వివరంగా చూద్దాం, ఇక్కడ రెండూ కలిపితే జలరేఖ గారికి గందరగోళంగా ఉంటుంది.

13. జలరేఖ

ఎస్ఎల్‌మోడెమ్‌డీని అల్సా మద్దతుతో కంపైల్ చేసి, మోడెమ్:1 అని కార్డు సంఖ్య ఇచ్చి నడిపాను. డెవ్ ఫోల్డర్‌లో టీటీవైఎస్ఎల్0 అనే లంకె పుట్టింది, అది పీటీఎస్ (ప్రోగ్రాములు సృష్టించే నకిలీ టెర్మినల్‌ల) ఫోల్డర్‌లోని ఒక సంఖ్య వైపు చూపిస్తోంది. మినికామ్‌లో ఆ పేరు ఇచ్చి ‘ఏటీ’ కొట్టగానే ‘ఓకే’ వచ్చింది. ఈ రెండక్షరాల కోసం మూడు రోజులు ఎదురుచూశాను, మీ అందరికీ కృతజ్ఞతలు.

ఇప్పుడు డయల్ చేసే ఏటీడీటీ ఆదేశం పక్కన నంబరు ఇస్తే లైను ఎత్తిన టిక్కుమనే శబ్దం వస్తోంది, కొన్ని క్షణాల తరువాత ‘నో డయల్‌టోన్’ అని ఆగిపోతోంది. అదే తీగకు మామూలు ఫోను తగిలిస్తే డయల్ టోన్ స్పష్టంగా వినిపిస్తోంది.

14. స్వరసంధి

డయల్ టోన్ స్వరం దేశదేశానికీ మారుతుంది. మోడెమ్ తనకు చెప్పిన దేశపు స్వరం కోసమే చెవి ఒగ్గి ఉంటుంది, వేరే స్వరం వినిపిస్తే డయల్ టోన్ లేదనే అనుకుంటుంది. ఎస్ఎల్‌మోడెమ్‌డీకి దేశాల జాబితా చూపించే ఎంపిక ఉంది. అందులోంచి మీ దేశాన్ని ఎంచి ఇచ్చి మళ్లీ నడపండి. అయినా కుదరకపోతే డయల్ చేసే ముందు ‘ఏటీఎక్స్3’ ఇవ్వండి. అప్పుడు మోడెమ్ టోన్ కోసం వేచి ఉండకుండా నేరుగా నంబరు నొక్కుతుంది.

అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటి అడగాలి. మీరు తగిలించిన తీగ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి నేరుగా వచ్చినదేనా, ఆఫీసు లోపలి డిజిటల్ ఫోన్ల వ్యవస్థదా? రంధ్రం ఒకేలా ఉన్నా డిజిటల్ ఫోన్ల తీగల్లో విద్యుత్తు వేరుగా ఉంటుంది, దానికి తగిలించిన మోడెమ్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్కటి నిర్ధారించుకున్న తరువాతే తరువాతి ప్రయత్నం చేయండి.

15. జలరేఖ

నేరుగా వచ్చిన తీగే, పాత డెస్క్‌టాప్ కూడా దాని మీదే పనిచేసేది. దేశం మార్చినా ఫలితం రాలేదు, ఏటీఎక్స్3 ఇవ్వగానే నంబరు వెళ్లింది. అవతలి మోడెమ్ ఎత్తి కూత పెడుతోంది. ఆ తరువాత చాలాసేపు గరగరలాడి ‘నో క్యారియర్’ (అవతలి మోడెమ్ స్వరం అందలేదు) అని తెగిపోతోంది.

16. ఫ్యాక్స్‌గది

మధ్యలో ఎక్కడైనా ఇంటర్నెట్ ద్వారా మాట తీసుకెళ్లే పెట్టె ఉందేమో చూడండి. నా ఫ్యాక్స్ ఇలాగే తెగిపోయేది. ఆ పెట్టె జీ.729 పద్ధతిలో మాటను సెకనుకు 8 కిలోబిట్లకు కుదించేది. మనిషి గొంతుకు అది చాలుతుంది కానీ మోడెమ్ స్వరాలు అందులో బతకవు. మాటను అంతగా కుదించని జీ.711 పద్ధతికి మార్పించాక బాగుపడింది.

17. కొత్తచేరిక

ల్యాప్‌టాప్ మోడెమ్ 56 కిలోబిట్లది, అవతలిది 2400 బిట్లది. వేగమైనది నెమ్మదైనదానితో తనంతట తానే సర్దుకోవాలి కదా? నా అనుమానం అవతలి మోడెమ్ మీదే.

18. బిట్టు_లెక్క

సర్దుకోవాలన్నది నిజమే, కానీ ఆ సర్దుబాటుకు సమయం పడుతుంది, పాత మోడెమ్‌లు అంతసేపు ఆగకుండా లైను పెట్టేస్తాయి. ఇప్పటి మోడెమ్ ముందు తనకు వచ్చిన అతి వేగపు పద్ధతితో పలకరిస్తుంది, జవాబు రాకపోతే ఒక్కొక్క మెట్టూ దిగుతుంది. పైగా 56 కిలోబిట్లన్నది అవతలి వైపు టెలిఫోన్ వ్యవస్థకు డిజిటల్‌గా కలిసి ఉన్నప్పుడే, అదీ మన వైపు వచ్చే దిశలోనే సాధ్యం. రెండు మామూలు మోడెమ్‌లు ఒకదానికొకటి ఫోన్ చేసుకుంటే వీ.34 అనే మోడెమ్ ప్రమాణం ఇచ్చే 33,600 బిట్లే పైహద్దు.

2400 బిట్ల పద్ధతి వీ.22బిస్. అందులో ఫోన్ చేసినవారు 1200 హెర్ట్జ్ దగ్గరా, ఎత్తినవారు 2400 హెర్ట్జ్ దగ్గరా మాట్లాడతారు. ఇద్దరి దారులూ వేరు కనుక తన గొంతు తనకే ప్రతిధ్వనించినా ఇబ్బంది ఉండదు. అధ్వానమైన తీగల మీద కూడా ఇది నిలబడుతుందంటే కారణం అదే. జలరేఖ గారు మొదటి మాట నుంచే వీ.22బిస్‌లో మాట్లాడమని మోడెమ్‌ను ఆదేశించాలి.

19. చిన్నపెట్టె

దానికి ఆదేశం ‘ఏటీ+ఎంఎస్=వీ22బీ’. నా యూఎస్‌బీ మోడెమ్‌లో ఇలాగే ఇస్తాను.

20. జలరేఖ

‘ఎర్రర్’ అంటోంది.

21. తీగలమనిషి

చిన్నపెట్టె గారు చెప్పినది ప్రమాణం ప్రకారం సరైనదే, ఎస్ఎల్‌మోడెమ్‌డీ మాత్రం పద్ధతులను సంఖ్యలతో గుర్తిస్తుంది. వీ.32బిస్‌కు 132, వీ.22బిస్‌కు 122. ‘ఏటీ+ఎంఎస్=122,0’ అని ఇవ్వండి. చివరి సున్నా ఇంకే పద్ధతికీ మారవద్దని చెప్పడానికి.

22. జలరేఖ

‘కనెక్ట్ 2400’ వచ్చింది! రెండు సెకన్లలో కలిసింది, తెగడం లేదు.

అయితే వస్తున్న అక్షరాలు సగం పాడై ఉన్నాయి. వరుసల పొడవు సరిగ్గానే ఉంది, ఎన్ని అక్షరాలు రావాలో అన్నీ వస్తున్నాయి. కొన్ని మాత్రం అర్థంకాని గుర్తులుగా మారుతున్నాయి.

23. పాతసరుకు

మోడెమ్‌మేనేజర్ అనే సేవ వెనుక నడుస్తూ ఉండవచ్చు. పోర్టు కనిపించగానే అది మధ్యలో దూరి తన ఆదేశాలు పంపుతుంది. ఆపి చూడండి.

24. కెర్నల్‌బండి

యూఎస్‌బీ, సీరియల్ మోడెమ్‌ల విషయంలో అది నిజంగా ఎదురయ్యే సమస్య, టీటీవైఏసీఎం0 వాడేవారు తప్పక గుర్తుంచుకోవాలి. ఇక్కడ పోర్టు పీటీఎస్ కింద ఉంది కనుక మోడెమ్‌మేనేజర్ దాని జోలికి రాదు.

నాకు తోచినది ప్రాసెసర్ భారం. ఎస్ఎల్‌మోడెమ్‌డీ స్వరాలను క్షణం ఆలస్యం కాకుండా లెక్కకట్టాలి. ఆ సమయంలో బ్రౌజర్ లాంటిది నడుస్తుంటే శబ్దపు ముక్కలు జారిపోతాయి. మిగతా ప్రోగ్రాములు మూసి, ప్రాసెసర్ వేగం తగ్గకుండా నిలిపి మరోసారి ప్రయత్నించండి.

25. బిట్టు_లెక్క

శబ్దం జారిపోతే తప్పులు గుంపుగా రావాలి, అక్షరాలు తగ్గాలి, వరుసలు చెదరాలి. జలరేఖ గారు వరుసల పొడవు సరిగ్గా ఉందంటున్నారు. ఏ అక్షరాలు పాడవుతున్నాయో, ప్రతిసారీ అవేనా అన్నది చూసి చెప్పగలరా? ముఖ్యంగా అంకెలు.

26. జలరేఖ

బ్రౌజర్ మూసినా తేడా లేదు. అంకెలు ఒక్కొక్కటీ పరిశీలించాను. 0, 3, 5, 6, 9 ఎప్పుడూ సరిగ్గానే వస్తున్నాయి. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ పాడవుతున్నాయి, అదీ ప్రతిసారీ ఒకే గుర్తుగా.

27. బిట్టు_లెక్క

ఇక సందేహం లేదు, ఇది పారిటీ, అంటే ప్రతి అక్షరంలోనూ ఒకట్ల సంఖ్య సరిగానో బేసిగానో ఉండేలా చేర్చే తనిఖీ బిట్. మీ పరికరం 7 బిట్లు, సరి పారిటీ పద్ధతిలో పంపుతోంది. మీ వైపు 8 బిట్లుగా చదువుతున్నారు. అంకె 3 సంకేతం 51, అంటే బైనరీలో 110011. అందులో ఒకట్లు నాలుగు, అది సరి సంఖ్య కనుక పారిటీ బిట్ సున్నా, అక్షరం మారదు. అంకె 1 సంకేతం 49, అంటే 110001. ఒకట్లు మూడు, బేసి కనుక పరికరం పై బిట్‌ను 1 చేసి పంపుతుంది. మీకు 49 బదులు 177 అందుతుంది. మీరు చెప్పిన పది అంకెలూ సరిగ్గా ఇలాగే రెండు గుంపులుగా విడిపోయాయి. 7 బిట్లకు ఒక పారిటీ కలిపినా, పారిటీ లేని 8 బిట్లయినా మొదలు, చివరి బిట్లతో కలిపి మొత్తం పదే, అందుకే వరుస పొడవు చెదరలేదు.

28. చిన్నపెట్టె

మినికామ్ అమరికల్లో 7ఈ1 (7 బిట్లు, సరి పారిటీ, ఒక చివరి బిట్) ఎంచుకుంటే సరిపోదా?

29. కెర్నల్‌బండి

మీ యూఎస్‌బీ మోడెమ్‌లో సరిపోతుంది. టీటీవైఎస్ఎల్0 నిజమైన సీరియల్ పోర్టు కాదు, వెనుక ఉన్నది ఉత్త పీటీఎస్. పారిటీ బిట్‌ను కూర్చి, తనిఖీ చేసే హార్డ్‌వేర్ దానికి లేదు, ఆ అమరిక మార్చినా పోర్టు స్థాయిలో ఏమీ జరగదు. 24వ టపాలో నేను ఊహించినది తప్పని ఒప్పుకుంటున్నాను. లోపలి మోడెమ్ వాడేవారు పారిటీని తమ ప్రోగ్రాములోనే చూసుకోవాలి: వచ్చిన ప్రతి బైటులోనూ కింది 7 బిట్లనే ఉంచుకోవాలి, పంపే ప్రతి బైటులోనూ ఒకట్లు లెక్కపెట్టి పై బిట్‌ను పెట్టాలి. పైథాన్‌లో రెండూ కలిపి పది వరుసలకు మించవు.

30. జలరేఖ

అలాగే రాశాను. మొదటి పరికరం నుంచి ఏడు రోజుల కొలతలు, గంటకొకటి చొప్పున 168, ఒక్క అక్షరం పాడు కాకుండా వచ్చాయి. రెండో పరికరం కూడా పలికింది. డిస్కుకు ప్రతి తీసి పెట్టాను. రేపటి నుంచి ఈ పనిని మనిషి కూర్చోకుండా, చెప్పిన సమయానికి ప్రోగ్రాములను నడిపే క్రాన్‌తో రాత్రిపూట నడిపించాలనుకుంటున్నాను. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే లైను తెరిచే ఉండిపోతుందేమో అన్నదొక్కటే భయం; అవతలి పరికరం బ్యాటరీ మీద నడుస్తుంది.

31. తీగలమనిషి

ప్రోగ్రాము ఎలా ముగిసినా చివర లైను పెట్టేసే వరుసలు నడిచేలా రాయండి. ఒక సెకను పైగా మౌనంగా ఉండి, మూడు కూడిక గుర్తులు పంపి, మళ్లీ అంతసేపు మౌనం, ఆ తరువాత ‘ఏటీహెచ్’. ముందూ వెనుకా ఆ మౌనం లేకపోతే మోడెమ్ కూడిక గుర్తులను కూడా కొలతల్లో భాగమనుకుని అవతలికి పంపేస్తుంది. ఒక్కో పరికరానికి ఇన్ని నిమిషాలని గడువు పెట్టి, అది దాటితే ఎస్ఎల్‌మోడెమ్‌డీనే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.